పారబోయని నీళ్ళు

జనవరి 19

అన్నయ్య ఇవాళ బస్సు తాళాలు ఇచ్చేశాడు. కిడ్నీలు రెండూ సగానికి పైగా పని చేయడం లేదని డాక్టర్ రాసిచ్చిన కాగితం చూసి, మూడు నెలల దాకా బండెక్కొద్దని డిపో మేనేజరు చెప్పాడట. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తాళాలిచ్చి నేరుగా రోడ్డు దాటి నా కొట్టుకొచ్చాడు. రోజూ కూర్చునే చివరి స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఒక బర్గర్ పెట్టవే" అన్నాడు.

మాంసం ప్యాటీ పెనం మీద వేయబోయి ఆగాను. డాక్టర్ ఏమన్నాడని అడిగాను.

"మాంసం మానెయ్యమన్నాడు. రేపట్నించి మానేస్తాలే."

రేపట్నించి అనేది మా ఇంటి మాట. మా నాన్న సిగరెట్లు రేపట్నించే మానేస్తూ పోయాడు. అందుకని పెట్టలేదు. బన్ను కాల్చి, మధ్యలో ఉల్లిపాయా కీరా ముక్కలూ పెట్టిచ్చాను. మారు మాట్లాడకుండా తిని వెళ్ళాడు. నోరు విప్పితే ఆపని మనిషి ఇవాళ ఒక్క జోకు కూడా వేయలేదు.

ఈ డైరీ టైర్ల కంపెనీ వాళ్ళు డ్రైవర్లకు పంచేది. అన్నయ్య ఏటా తన వంతుది నాకే తెచ్చిస్తాడు. ఎన్ని బన్నులు చెప్పాలో, గ్యాస్ ఎప్పుడు మార్చానో రాసుకునేదాన్ని. ఇవాళ మాత్రం ఇది రాయాలనిపించింది. నాకు భయంగా ఉంది. నాకున్నది మా అన్నయ్య ఒక్కడే.

జనవరి 21

ఏం తినాలో చెప్పే ఆసుపత్రి డైటీషియన్ దగ్గరికి అన్నయ్యను నేనే తీసుకెళ్ళాను. వదినకు సెలవు దొరకలేదు. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది, మిషన్ దగ్గర మనిషి లేకపోతే వరస మొత్తం ఆగిపోతుందట. "నువ్వెళ్ళు, వంట సంగతి నీకే బాగా తెలుసు" అంది. నిజమే కదా.

డైటీషియన్ అంటే ఎవరో పెద్దావిడ అనుకున్నాను. చిన్న పిల్ల. పాతికేళ్ళు కూడా ఉండవు. మాంసం తగ్గించాలి, ఉప్పు బాగా తగ్గించాలి అని మొదలుపెట్టింది. కూరగాయలు చిన్నగా తరిగి, నిండా నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు వండాలట.

"మా కొట్టులో ఏదీ పారబొయ్యంలే తల్లీ" అన్నాను. అన్నయ్య నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. కాగితం తిప్పి వెనక వైపు ఏదో చూపించబోతే, బయట జనం చాలామంది ఉన్నారు, ఇంటికెళ్ళి చదువుకుంటాంలే అని మడిచి సంచిలో పెట్టుకున్నాను. సందేహం వస్తే ఫోన్ చేయమని నంబరు రాసిచ్చింది.

ఆ పిల్ల ఎప్పుడైనా గరిటె పట్టిందో లేదో. పాతికేళ్ళుగా పెనం ముందు నిలబడ్డదాన్ని నేను. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కాగితాన్ని కొట్టు వెనక పొయ్యి పక్కన గోడకు నాలుగు వైపులా టేపు వేసి అంటించాను. రోజూ కళ్ళ ముందుంటుంది.

జనవరి 23

అన్నయ్య బర్గర్ లేకుండా ఉండలేడు. డ్యూటీ దిగగానే నా కొట్టులో బర్గర్ తిని ఇంటికెళ్ళడం పాతికేళ్ళ అలవాటు. అలవాటు మాన్పిస్తే మనిషే వాడిపోతాడు. బర్గర్ ఉండాలి, అందులో మాంసం ఉండకూడదు. అంతే.

పెద్ద దుకాణానికెళ్ళి చలిపెట్టెలో ఉన్న వెజ్ ప్యాటీలు నాలుగు రకాలు తీసి చూశాను. డబ్బా మీద పచ్చటి ఆకుల బొమ్మ, వెనక చీమ తలకాయంత అక్షరాలు. కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని చదివాను. ఒకదాంట్లో ఉప్పు మరీ ఎక్కువ. ఒకదాంట్లో నోరు తిరగని పేర్లు పద్దెనిమిది. ఉన్నవాటిలో మేలనుకున్నది తెచ్చి కాల్చి పెట్టాను.

"దీన్ని డబ్బాలోంచి తీశావా, డబ్బానే కాల్చావా?" అన్నాడు అన్నయ్య.

హమ్మయ్య. జోకు వేశాడు. ఇక నేనే చేస్తాను.

జనవరి 26

పుట్టగొడుగులతో చేశాను. సన్నగా తరిగి వేయించి బ్రెడ్ పొడి కలిపితే చేతిలో బాగానే నిలిచింది. పెనం మీద వేయగానే నీళ్ళు వదిలి పిడకలా పరుచుకుపోయింది. పుట్టగొడుగును ముందే బాగా ఆరబెట్టాల్సింది. తొందరపడ్డాను.

జనవరి 28

బంగాళాదుంపతో. రుచి బాగుంది. కానీ అది కట్‌లెట్, బర్గర్ కాదు. కొరికితే పళ్ళకు ఏదో ఒకటి తగలాలి కదా. "పళ్ళు లేని ముసలాడికి పెట్టినట్టుంది" అన్నాడు. అయినా ప్లేటు ఖాళీ చేశాడు.

ఫిబ్రవరి 1

కుదిరింది.

ముందురోజు నానబెట్టిన రాజ్మా మెత్తగా ఉడికించి, సగం మెదిపి, సగం గింజల్లాగే వదిలేశాను. బీట్‌రూట్ తురుము వేశాను, మాంసం రంగు వచ్చింది. ముద్ద కట్టడానికి కొంచెం బంగాళాదుంప. తడి పీల్చడానికి ఓట్స్. అయినా అంచులు పగులుతున్నాయి. గుడ్డు వేద్దామంటే అది కూడా తగ్గించమన్నారు. అప్పుడు తట్టింది. రాజ్మా ఉడికించిన నీళ్ళను మళ్ళీ పొయ్యి మీద పెట్టి, గిన్నెడు నీళ్ళు గరిటెడయ్యే దాకా మరిగించాను. చిక్కటి జిగురైంది. అది పోసి కలిపితే ప్యాటీ గుండ్రంగా, గట్టిగా నిలబడింది. తిరగేస్తే ఒక్క పలుకు రాలలేదు.

ఆ పిల్ల పారబొయ్యమన్న నీళ్ళే ఇవి. గింజలోని బలమంతా నీళ్ళలోకే దిగుతుంది. అది పారబోసి మనిషికి పిప్పి పెడతామా.

ఉప్పు కూడా మార్చాను. దుకాణంలో గుండె బొమ్మ వేసిన ప్యాకెట్ ఉంది, తక్కువ సోడియం ఉప్పట, బీపీ ఉన్నవాళ్ళకు మంచిదట. రుచిలో చివర చిన్న చేదు. మిరియాలు కాస్త ఎక్కువ వేస్తే తెలియడం లేదు.

ఫిబ్రవరి 2

అన్నయ్య మొదటి ముక్క కొరికి నా వైపు చూశాడు. రెండో ముక్క కొరికాక "ఎవర్ని కోశావే ఇందులో?" అన్నాడు. రెండు తిన్నాడు.

అతని బస్సులో పదకొండేళ్ళుగా చేస్తున్న కండక్టరు కూడా పక్కనే ఉన్నాడు. నోటితో ఈల వేసి బండి కదిలిస్తాడని అందరూ అతన్ని ఈల అంటారు. తనకూ ఒకటి పెట్టమని తిని, "మాంసం కాదని చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలీదక్కా" అన్నాడు.

ఎన్నాళ్ళకు ఇంత సంతోషం.

ఫిబ్రవరి 4

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూ వదిన కొట్టుకొచ్చింది. పొద్దునకూ సాయంత్రానికీ ప్యాటీలు నేనే చేసిస్తానని, వాళ్ళ చలిపెట్టెలో పెట్టి వేడి చేసుకుంటే చాలని చెప్పాను.

"ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు మొత్తం మొగుడివే" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. డబ్బా పట్టుకెళ్ళింది.

వదినకు వంట మీద ధ్యాస తక్కువ. అది తప్పని అనను. రోజుకు ఎనిమిది వందల కాజాలు కుట్టిన వేళ్ళతో ఎవరైనా ఏం వండుతారు.

ఫిబ్రవరి 9

ఈ వారం పద్నాలుగు తిన్నాడు. బయటి తిండి ముట్టలేదు.

ఫిబ్రవరి 14

రోడ్డు దాటడానికి అన్నయ్య ఈల భుజం పట్టుకున్నాడు. కాళ్ళలో సత్తువ లేదట. మాంసం తిని తిని అలవాటైన ఒళ్ళు, కూరగాయలకు మారాలంటే టైము పడుతుంది. చంటిపిల్లలకు పాలు మాన్పించినప్పుడు ఎలా ఉంటుందో అలాగే. రాజ్మా ఇంకాస్త ఎక్కువ వేశాను. బలం రావాలి కదా.

ఫిబ్రవరి 17

వదిన ఫోన్ చేసింది. "మనిషి రోజురోజుకీ నీరసపడుతున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది. ఇరవై ఎనిమిది దాకా ఆగకుండా రేపే డాక్టర్‌కి చూపిద్దామా?" అంది.

ఆగమన్నాను. నెల కూడా నిండకుండా వెళితే ఏం తెలుస్తుంది? ఇరవై ఎనిమిదిన రక్తపరీక్ష ఉండనే ఉంది. నెల రోజుల తిండి ఏమిటో అందులో కనిపిస్తుంది, అప్పుడు చూద్దువుగాని అన్నాను.

"సరే, నీకే తెలుసు" అంది.

ఫిబ్రవరి 20

టీ గ్లాసు అన్నయ్య చేతిలోంచి జారిపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయట. ఇరవై ఆరేళ్ళు స్టీరింగ్ పట్టుకున్న చేతులు, ఊరికే ఉంటే తిమ్మిరెక్కవా. గాజు పెంకులు నేనే ఏరాను. తనూ వంగబోయాడు, వంగలేక మళ్ళీ కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నీ చేతి తిండి తింటూ పోయినా పర్లేదే" అన్నాడు. పిచ్చి మాటలు మాట్లాడొద్దని కసిరాను.

ఫిబ్రవరి 22

ఇవాళ రాలేదు. ప్యాటీలు ఈల చేతికిచ్చి ఇంటికి పంపాను.

ఫిబ్రవరి 24

అన్నయ్య పోయాడు.

ఫిబ్రవరి 27

కొట్టు తెరవలేదు. రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

ఇరవై నాలుగు పొద్దున షర్టు వేసుకుంటూ వేసుకుంటూ పడిపోయాడట. ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి ఛాతీ మీద నొక్కుతున్నారు. తర్వాత ఆపేశారు. డాక్టర్ బయటికొచ్చి, రక్తంలో పొటాషియం చాలా ఎక్కువైంది, గుండె ఆగిపోయింది అన్నాడు. నిన్నటి నుంచీ ఏం తిన్నాడని అడిగాడు.

వదిన చెప్పింది. "నిన్న సాయంత్రం మా ఫ్యాక్టరీ పక్కన మాంసం బర్గర్ కొనుక్కొచ్చి పెట్టానండి. నెల రోజులైంది, ఒక్కసారి తినాలనుందని అడిగాడు. సగమే తిన్నాడు."

డాక్టర్ ఇంకోటి అడిగాడు. మామూలు ఉప్పు బదులు వేరే ఉప్పేమైనా వాడుతున్నారా అని.

"లేదండి. మా ఇంట్లో ఉప్పే తగ్గించేశాం" అంది వదిన.

నేను పక్కనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

వరండాలోకొచ్చాక నా నోరు నా చేతుల్లో లేదు. డిపో నుంచి వచ్చిన వాళ్ళు పదకొండు మంది గోడ పొడుగునా నిలబడి ఉన్నారు. మేనకోడలు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. అందరి ముందూ అన్నాను. "నెల రోజులు నేను కాపాడుకొచ్చిన మనిషిని ఒక్క పూటలో చంపేశావు" అన్నాను.

వదిన నన్ను తిట్టలేదు. తల దించుకుని, "సగమే తిన్నాడు" అని మళ్ళీ అంది.

మార్చి 3

మేనకోడలు ఫోన్ చేసింది. వాళ్ళమ్మ మంచం ఎక్కడం లేదట, కుర్చీలోనే కూర్చుని ఉంటుందట. కళ్ళు మూసుకుంటే ఆ సగం బర్గర్ కనిపిస్తోందట. నిన్న ఫ్యాక్టరీకి వెళితే, పక్క మిషన్ ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని వేరే బల్ల దగ్గరికెళ్ళి కూర్చుందట. ఆవిడ మొగుడు డిపోలో మెకానిక్. వరండాలో అతను కూడా ఉన్నాడు.

"నువ్వొకసారి వచ్చి మాట్లాడు అత్తా" అంది.

నేనేం మాట్లాడను. అన్నదాంట్లో అబద్ధం ఏముంది.

మార్చి 6

కొట్టు తెరిచాను. చివరి స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు. ఎవరూ చెప్పుకోలేదు, అయినా కూర్చోలేదు.

మధ్యాహ్నం ఈల వచ్చాడు. డిపో వాళ్ళంతా ఒక మాట అనుకున్నారట. అన్నయ్య కోసం చేసిన వెజ్ బర్గర్‌ను అన్నయ్య పేరు మీద బోర్డులో పెట్టాలట. "చాలామందికి బీపీ, సుగర్ ఉన్నాయక్కా. అన్నని చూసి అందరికీ భయం పట్టుకుంది. ఆరోగ్యంగా తిందామంటున్నారు. బోర్డు నేను రాయిస్తా" అన్నాడు.

ఏడ్చాను. సరేనన్నాను.

మార్చి 9

డైటీషియన్ దగ్గరికి వెళ్ళాను. సగం మాంసం బర్గర్ ఎంత పని చేస్తుందో ఆ పిల్ల నోటితో వినాలనుకున్నాను. విని ఏం చేద్దామని? వదినకు చెబుదామని. నిజమే రాస్తున్నాను, అందుకే వెళ్ళాను.

అన్నయ్య సంగతి చెప్పగానే ఆ పిల్ల లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. సగం బర్గర్‌తో పొటాషియం అంత పెరగదు అంది. ఇంకేం తినేవారని అడిగింది. నేను గొప్పగానే మొదలుపెట్టాను. రాజ్మా, బీట్‌రూట్, బంగాళాదుంప.

"ఉడికించిన నీళ్ళు పారబోసేవారా?"

"మరిగించి అందులోనే కలిపేదాన్ని."

పెన్ను కింద పెట్టింది. "ఉప్పు ఏది వాడారు?"

గుండె బొమ్మ ప్యాకెట్ గురించి చెప్పాను. ఆ ఉప్పులో సోడియం తగ్గించి దాని బదులు వేసేది పొటాషియమేనట. కిడ్నీలు బాగున్న మనిషికి ఎక్కువైంది ఒంటికి పోసినప్పుడు పోతుంది. అన్నయ్యకు పోయే దారి లేదు. రోజూ కొంచెం కొంచెం రక్తంలో చేరుతూ ఉంటుంది. కాళ్ళలో సత్తువ పోవడం, వేళ్ళు తిమ్మిరెక్కడం అవన్నీ దాని గుర్తులేనట.

"ఖచ్చితంగా దానివల్లేనని నేను చెప్పలేనండి" అంది ఆ పిల్ల. ఆ మాట పట్టుకుని మెట్ల దాకా వచ్చాను. మెట్లు దిగేసరికి ఆ మాట కూడా చేతిలోంచి జారిపోయింది.

కొట్టుకొచ్చి గోడ మీది కాగితం పీకాను. నూనె జిడ్డుకు అతుక్కుపోయి ఒక మూల చిరిగింది. వెనక వైపు తినకూడనివి రాసి ఉన్నాయి. అన్నీ ఇక్కడ రాయను. నా ప్యాటీలో వేసినవాటిలో ఓట్స్ తప్ప అన్నీ ఉన్నాయి. అన్నిటికీ కింద గడి గీసి రాశారు, తక్కువ సోడియం ఉప్పు అసలు వాడకూడదని.

నలభై ఏడు రోజులు ఆ గడి గోడ వైపు తిరిగి ఉంది. అంటించింది నేనే.

మార్చి 10

వదినకు రేపు చెబుతాను.

మార్చి 11

బన్నుల బండి ఆలస్యంగా వచ్చింది. కొట్టు వదిలి కదలడానికి వీల్లేదు. రేపు.

మార్చి 12

సగం బర్గర్ వల్ల అసలేమీ కాలేదని ఎవరు చెప్పగలరు? పూర్తిగా నింపిన గ్లాసులో చివరి చుక్క అదేనేమో. ఆ పిల్ల కూడా ఖచ్చితంగా చెప్పలేనంది.

నేను రాసిందే మళ్ళీ చదివాను. సిగ్గుగా ఉంది. గ్లాసు నింపింది ఎవరు?

మార్చి 13

వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను.

వదిన బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ప్లేటులో నా ప్యాటీ. బన్ను లేదు, ఏమీ లేదు, ఉత్త ప్యాటీ. చలిపెట్టెలో అన్నయ్య కోసం పెట్టినవి మిగిలిపోయాయట. రోజుకొకటి వేడి చేసుకుని తింటోంది.

"పాతవి వదినా, పారెయ్" అన్నాను.

"ఆయన కోసం చేసినవి పారేస్తానా?" అంది. "నీ మాట విని ఆ పూట కూడా ఇదే పెట్టుంటే, మనిషి ఇవాళ ఇక్కడ కూర్చుని ఉండేవాడు. ఎలా చేస్తావో నాకు నేర్పించు. పిల్లకి చేసి పెడతాను. వాళ్ళ నాన్న రక్తం కదా, రేపు దానికీ కిడ్నీలు పాడైతే?"

కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. చూపుడు వేలికి కట్టు. కునుకు పట్టి సూది దిగిందట.

నేర్పిస్తానని చెప్పి వచ్చేశాను.

మార్చి 14

ఆ పిల్లకు ఫోన్ చేసి అడిగాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తింటే ఆ ప్యాటీలతో ఏ ఇబ్బందీ లేదట, మంచిదేనట. ఎవరికి మంచిదో వాళ్ళకు చేయలేదు నేను.

వదిన ఆ నీళ్ళతో కలిపి నేర్చుకుంటే, నిజంగానే రేపు మేనకోడలికి జబ్బు వస్తే? చెప్పకుండా ఉండడానికి ఇక దారి లేదు.

మార్చి 16

చెప్పాను.

పొద్దున ఆరింటికి వెళ్ళాను, ఇంకాసేపు ఆగితే మళ్ళీ రేపంటానని. వదిన ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అన్నయ్య యూనిఫారం చొక్కా చేతిలో ఉంది. కాగితం ఆమె ముందు వెనక వైపు తిప్పి పెట్టాను. వేలు పెట్టి ఒక్కోటి చూపించాను. రాజ్మా. బంగాళాదుంప. బీట్‌రూట్. ఉప్పు.

"నీళ్ళు పారబొయ్యమని ఆ పిల్ల నా ముఖం మీదే చెప్పింది. నేను పారబొయ్యలేదు వదినా" అన్నాను. "నీ బర్గర్ కాదు. నేను పెట్టినవే."

చదవడానికి చాలాసేపు పట్టింది ఆమెకు. చదివాక చొక్కా మడత విప్పి మళ్ళీ మొదటి నుంచి మడిచింది.

"ముందే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామన్నాను."

"అన్నావు."

"ఉప్పు గురించి డాక్టర్ అడిగినప్పుడు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

అరుస్తుందని ఎదురు చూశాను. కొట్టినా బాగుండేది. చొక్కా పక్కన పెట్టి తలెత్తి, "నన్ను అందరి ముందూ అన్నావు. ఇది కూడా అందరి ముందే అను" అంది.

తలుపు దాకా కూడా రాలేదు.

మార్చి 17

అందరి ముందూ.

కొట్టు పోతుంది. పోతే పోనీ అని రాయబోయాను, రాయలేకపోయాను. ఈ కొట్టు నాకు పెట్టించింది అన్నయ్యే. ఆ పెనం మా ఇద్దరం కలిసి మోసుకొచ్చాం. మధ్యలో తన కాలి మీద పడితే వారం రోజులు కుంటుతూనే బస్సు నడిపాడు.

మార్చి 18

ఈల బోర్డు తెచ్చి చూపించాడు. పచ్చ రంగు. అన్నయ్య పేరు, కింద ఆరోగ్యానికి మంచిది అని. ఎల్లుండి మధ్యాహ్నం డ్యూటీలు మారే టైముకి అందరూ వస్తారట, అప్పుడు తగిలిద్దామన్నాడు.

సరేనన్నాను. వదినకు ఫోన్ చేసి టైము చెప్పాను. ఊఁ అంది.

మార్చి 20

రాసేస్తాను, మళ్ళీ రాయలేను.

రెండింటికి అందరూ వచ్చారు. వరండాలో ఉన్న పదకొండు మందీ ఉన్నారో లేదో లెక్కపెట్టాను. ఉన్నారు. మెకానిక్ కూడా వచ్చాడు. ఈల స్టూలెక్కి బోర్డు పట్టుకున్నాడు. కొంతమంది అప్పటికే బర్గర్లు తింటున్నారు. వదిన లోపలికి రాలేదు. రోడ్డుకు అటు పక్క డిపో గేటు దగ్గర ఫ్యాక్టరీ గౌనుతోనే నిలబడింది. అంత దూరానికి వినబడాలని గొంతు పెంచి మాట్లాడాను.

ఏం చేశానో వరసగా చెప్పాను. కాగితం, నీళ్ళు, ఉప్పు, డాక్టర్ అడిగినప్పుడు నోరు మూసుకోవడం. "ఆ రోజు మా వదినను మీ అందరి ముందూ అన్నాను. మా అన్నయ్యకు తేడా చేసింది నా చేతి తిండి. ఆవిడ తప్పు లేదు" అన్నాను.

పెనం మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఒక డ్రైవరు సగం తిన్న బర్గర్ మెల్లగా ప్లేటులో పెట్టేశాడు. ఇంకొకతను, "మా కిడ్నీలు బానే ఉన్నాయిలే అక్కా" అన్నాడు, పాపం, ఏదో ఒకటి అనాలని. ఎవరూ నవ్వలేదు. మెకానిక్ ఎవరికో ఫోన్ చేస్తూ బయటికెళ్ళాడు. ఈల స్టూలు దిగి బోర్డును గోడ వైపు తిప్పి కింద ఆనించాడు.

"పదకొండేళ్ళు నా పక్కనున్నోడక్కా" అన్నాడు. అంతే అన్నాడు. మామూలుగా కదిలేటప్పుడు వేసే ఈల లేకుండా వెళ్ళిపోయాడు.

నేను రోడ్డు వైపు చూసేసరికి వదిన బస్సెక్కుతోంది. వెనక్కి తిరిగి చూడలేదు.

మార్చి 21

కొట్టు తెరిచాను. నిన్న నానబెట్టిన రాజ్మా ఉంది, ఉడికించాను. నీళ్ళు సింకులో పారబోశాను. ఎర్రగా తిరిగి తిరిగి కిందికి దిగిపోయాయి. ప్యాటీలు పగిలిపోతున్నాయి. పగలనీ. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

ఎనిమిదింటికి మేనకోడలు ఫోన్ చేసింది.

"అమ్మ నిన్న ఇంటికొచ్చి గౌను కూడా విప్పకుండా పడుకుంది అత్తా. మధ్యలో ఒక్కసారి లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ పడుకుంది. నాన్న పోయాక ఇదే మొదటిసారి. ఫ్యాక్టరీకి టైమవుతోంది, లేపనా?"

"లేపకమ్మా" అన్నాను. "పడుకోనీ."

"సరే అత్తా" అంది. తర్వాత, "నువ్వు పడుకున్నావా?" అని అడిగింది.

పెనం మాడుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెనం కింద మంట ఇంకా వెలిగించనే లేదు.